జాకార్డు అట్టలనుండి కృత్రిమ మేధ వరకు

గద్వాల పట్టణమున నేతగాండ్రు నివసించు వీథులలో నడచువారికి మగ్గముల చప్పుడు దూరమునుండియే వినిపించును. నేతగాడు గుంటలోనికి కాళ్లు వ్రేలవిడిచి కూర్చుండి, త్రొక్కుడు కర్రలను మార్చి మార్చి త్రొక్కుచు నాడెను నడుపుచుండును. గద్వాల చీరకు నడుమభాగము నూలు. అంచులును కొంగును పట్టు. నడుమకు వేయు పేక వేరు, అంచులకు వేయు పేక వేరు. ఈ రెండు పేకలును అంచు మొదలగు చోట ఒకదానితో నొకటి మెలికపడి ముందుకు సాగవలెను. దీనినే కుప్పడము నేత యందురు. ఇందుకు ఒక నాడె చాలదు, మూడు నాడెలు కావలెను. ఒక్కనికి రెండే చేతులుండుటచే నేతగానికి తోడుగా ఒక అంచు వద్ద మరియొకరు కూర్చుండి ఆ ప్రక్క నాడెను అందుకొని తిరిగి పంపుచుందురు. ఆ రెండవ మనిషి భార్య కావచ్చును, తమ్ముడు కావచ్చును, ఎదుగుచున్న కొడుకు కావచ్చును.

ఆ చోటికి గౌరవము తక్కువ. చీర నేసినవాడెవడని అడిగినచో రెండవ మనిషి పేరు ఎవరును చెప్పరు. అయినను నేతపని నేర్చినవారిలో అనేకులు ఆ చోటనే కూర్చుండి నేర్చిరి. దారము తెగినపుడు ఎట్లు అతుకవలెనో, అచ్చు దెబ్బ ఎంత గట్టిగా పడవలెనో, పట్టు నూలును లాగివేయకుండ చూచుట ఎట్లో నాడె అందించుచు కనిపెట్టినవే గాని బడిలో చదువుకొన్నవి కావు.

కృత్రిమ మేధ మనుష్యుల ఉద్యోగములను హరించునా, లేక క్రొత్తవానిని సృష్టించునా యని నేడు ప్రపంచమంతట వాదోపవాదములు జరుగుచున్నవి. చరిత్రలో ఈ ప్రశ్నకు దారి వెదకవలెనన్నచో మగ్గము ప్రక్కనున్న ఈ రెండవ మనిషి వద్ద బయలుదేరుట మేలు. ఏలన, నేటి కంప్యూటరుకు పూర్వీకముగ ఎన్నదగిన యంత్రము తొట్టతొలుత పనినుండి తొలగించినది ఇట్టి రెండవ మనిషినే.

ఫ్రాన్సు దేశమందలి లియోన్ నగరము పట్టునేతకు ప్రసిద్ధి. 18వ శతాబ్దమున అచ్చట పూలు, లతలు, పక్షులు గల పట్టు వస్త్రములను నేయుటకు లాగుడు మగ్గమును వాడుచుండిరి. నేతగాడు క్రింద కూర్చుండి పేక వేయును. అతని సహాయకుడు, తరచుగా చిన్న పిల్లవాడో పిల్లయో, ప్రక్కన నిలిచి పడుగు దారములకు కట్టిన త్రాళ్లను వరుస తప్పకుండ గుంపులు గుంపులుగ లాగుచుండవలెను. ఏ పేకకు ఏ త్రాళ్లు లేచునో అదియే బొమ్మ. ఒక్క త్రాడు తప్పినను పువ్వు చెడును. ఈ పనిని యంత్రముచేత చేయింపవలెనని 1725లో బుషోన్ చిల్లులు పొడిచిన కాగితపు చుట్టతోను, 1728లో ఫాల్కన్ అట్టముక్కలతోను, 1745లో వోకాన్సన్ మరియొక విధముగను ప్రయత్నించిరి. వారి యత్నములనన్నిటిని కూర్చి 1804 ప్రాంతమున జోసెఫ్ మరీ జాకార్డు పని చేయదగిన యంత్రమును సిద్ధపరచెను.

దాని పని సులభముగనే గ్రహింపవచ్చును. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట. అట్టలన్నియు దారముతో కుట్టబడి మాలవలె వ్రేలాడుచు, ఒక్కొక్కటిగ వచ్చి సూదుల వరుసకు తాకును. అట్టలో రంధ్రమున్న చోట సూది లోనికి పోవును, దానికి తగిలించిన కొక్కెము లేచును, కొక్కెమునకు కట్టిన పడుగు దారము పైకి వచ్చును. రంధ్రము లేని చోట సూది వెనుకకు నెట్టబడి దారము క్రిందనే యుండును. అనగా లేచుట, లేవకుండుట యను రెండే స్థితులు. వీనితోనే ఎంతటి చిత్రమునైనను నేయవచ్చును. లియోన్ నగరమున 1839లో జాకార్డు ముఖచిత్రమునే పట్టులో నేసిరి. దానికి సుమారు 24,000 అట్టలు పట్టెను.

1812 నాటికి ఫ్రాన్సులో ఇట్టి మగ్గములు 11,000 వరకు నడచుచుండెనని చెప్పుదురు. త్రాళ్లు లాగు పిల్లలకు పని పోయినది. నేతగానికి పోలేదు, పైగా అతడు ఒంటరిగనే అధికముగ నేయగలిగెను. 1831లో లియోన్ నేతవారు తిరుగుబాటు చేసిరి గాని ఆ తిరుగుబాటు జాకార్డు యంత్రముపై కాదు. తాము నేసిన గజమునకు వర్తకులు ఇంతకు తక్కువ ఈయరాదని ఒక కూలిరేటు నిర్ణయింపబడవలెనని వారు కోరిరి. యంత్రమువలన హెచ్చిన రాబడి ఎవరి చేతికి పోవలెననునదే వారి జగడము. ఈ సంగతి తరువాతి కథకంతటికిని వర్తించును.

చేతిపనికి జరిగినది బుద్ధిపనికిని జరుగునని మొదట గుర్తించినవాడు ఇంగ్లండు దేశీయుడగు చార్లెస్ బాబేజి. ఫ్రెంచి విప్లవానంతరము ప్రోనీ యను ఇంజనీరు పెద్ద లాగరితము పట్టికలను తయారుచేయించుటకు మూడు జట్లను నియమించెను. మొదటి జట్టులో అయిదారుగురు గణితవేత్తలు. వారు సూత్రములను నిర్ణయింతురు. రెండవ జట్టులో ఏడెనిమిదిమంది. వారు సూత్రములను సంఖ్యలుగ మార్తురు. మూడవ జట్టులో 60 నుండి 80 మంది. వారు కూడికలు, తీసివేతలు మాత్రము చేయుదురు. ఆ మూడవ జట్టులో పదింట తొమ్మిదిమందికి అంతకుమించిన గణితము తెలియదు. విచిత్రమేమనగా, అంతకంటె హెచ్చు తెలిసినవారికన్న వీరి లెక్కలే సరిగా నుండెనట. 1832లో ప్రకటించిన తన గ్రంథమున బాబేజి ఈ వృత్తాంతమును వివరించి, మూడవ జట్టు చేయు పనినంతయు యంత్రమే చేయగలదని వ్రాసెను. అతడు తలపెట్టిన విశ్లేషణ యంత్రమునకు ఆజ్ఞలనిచ్చుటకు జాకార్డు అట్టలనే ఎంచుకొనెను. మగ్గము పూలను నేసినట్లు ఈ యంత్రము బీజగణితమును నేయునను భావమును అడా లవ్‌లేసు 1843లో ప్రకటించెను. బాబేజి యంత్రము అతని జీవితకాలమున పూర్తికాలేదు. కాని చిల్లుల అట్ట మిగిలినది. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలెరిత్ చిల్లుల కార్డులతోనే త్వరగా ముగించెను. 20వ శతాబ్దపు కంప్యూటర్లు చాలకాలము ఆ కార్డులనే భుజించినవి.

కంప్యూటరను మాట మొదట మనిషి ఉద్యోగమునకు పేరు. 1831లో భారత త్రికోణమితి సర్వేలో చేరిన రాధానాథ్ సిక్దారు ఉద్యోగము కంప్యూటరే. అతడు లెక్కలు వేయుచు వేయుచు ప్రధాన కంప్యూటరు పదవికెక్కెను. 1852 ప్రాంతమున, తరువాత ఎవరెస్టుగ పిలువబడిన శిఖరమే లోకమున మిక్కిలి ఎత్తయినదని తేల్చిన గణనమునకు ప్రధానుడతడే. ప్రోనీ మూడవ జట్టు వంటి మెట్టుపై కాలు పెట్టినవాడు మొదటి జట్టునకు చేరెనన్నమాట. ఆ క్రింది మెట్టును యంత్రము తీసికొనినపుడు సిక్దారు వంటివారు ఎచ్చటనుండి ఎక్కవలెనను ప్రశ్న బాబేజి గ్రంథమున లేదు.

ఇంగ్లండునందలి నేతగాండ్ర చరిత్ర ఇంతకంటె కఠినమైనది. నూలు వడకుట యంత్రపరము కాగానే నూలు చౌకయై, నేతకు గిరాకి పెరిగెను. ఒక తరమువరకు చేనేతవారికి మంచి దినములు నడచినవి. 1785లో కార్ట్‌రైటు మరమగ్గమునకు హక్కుపత్రము పొందినను అది బాగుపడుటకు చాలకాలము పట్టినది. 1820 ప్రాంతమున బ్రిటనులో చేనేతవారు సుమారు రెండున్నర లక్షలుండిరి. 1860 దాటునప్పటికి కొన్నివేలు మాత్రమే మిగిలిరి. సంఖ్య తగ్గుటకు ముందే కూలి తగ్గెను. పని ఉన్నదిగదా యని మగ్గమును వదలనివారే ఎక్కువ బాధపడిరి. యంత్రము అందరికిని మేలేయని తలచిన ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1821లో తన గ్రంథపు మూడవ కూర్పున ఒక అధ్యాయము క్రొత్తగా చేర్చి, యంత్రమువలన శ్రామికవర్గమునకు నష్టము కలుగవచ్చునని ఒప్పుకొనెను. తన అభిప్రాయమును అచ్చులోనే దిద్దుకొను పండితులు ఏ కాలమునందును అరుదు.

గద్వాలకు జాకార్డు వేరొక తీరున వచ్చినది. కృష్ణా తుంగభద్రల నడుమనుండుటచే నడిగడ్డయని పిలువబడు ఈ సీమలో సంస్థానాధీశుల పోషణమున నేత వర్ధిల్లెను. మగ్గముపై జాకార్డు పెట్టె నెక్కించుకొన్న తరువాత అంచులోని కోటకొమ్మలు, హంసలు, కొంగుపై లతలు నేయుట సులువైనది. అయితే అంచును నడుమభాగముతో కలుపు కుప్పడపు మెలిక మాత్రము జాకార్డు చేయదు. అందుచేత బొమ్మ యంత్రమునకు పోయినను, నాడె అందించు రెండవ మనిషి చోటు నిలిచినది. సాధారణ మరమగ్గమున ఈ నేత సాధ్యము గాకుండుటయే గద్వాల చీరకు కోట. కాని దూరమునుండి చూచిన దానివలెనే కనబడు నకలు చీరను మరమగ్గము నేయగలదు. కొనువారిలో అందరును చీరను త్రిప్పి కుట్టు చూచువారు కారు. కొన్ని వస్త్రరకములను చేనేతకే ప్రత్యేకించుచు పార్లమెంటు 1985లో ఒక చట్టము చేసెను. మొదట 22 రకములుండగా తరువాత 11కు తగ్గినవి. దేశమున నేతయు దాని అనుబంధ పనులును చేయువారు 1995–96 గణనమున 65 లక్షలకు పైబడియుండగా, 2009–10లో 43 లక్షలు, 2019–20లో 35 లక్షలు.

గద్వాలనుండి తూర్పుగ నాగర్‌కర్నూలు వైపు పోయినచో యంత్రము చేసిన పని వేరొక రూపమున కనబడును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలగువరకు మహబూబునగరు జిల్లాలోనివి. జనులు ఆ జిల్లాను పాలమూరనియే యందురు. వానలు నమ్మదగనివి, భూములు మెట్టవి. అందుచే ఇచ్చటి బీదకుటుంబములు తరతరములుగ మట్టిపనికి దేశాంతరము పోవుచుండెను. గుంపు మేస్త్రీ ముందుగ బయానా ఇచ్చి కూలీలను కుదుర్చుకొనును. ఆలుమగలు జంటగ లెక్క. మగడు గడ్డపారతో త్రవ్వగా భార్య తట్టతో మోయవలెను. దేశమందలి ఆనకట్టలు, కాలువలు, రైలుకట్టలు ఎన్నియో ఈ చేతులతో లేచినవి. ‘పాలమూరు లేబరు’ అనునది ఒక జిల్లావాసులకు దేశమిచ్చిన బిరుదు. ఆ బిరుదులో గర్వమెంతయో దుఃఖమంత.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు పునాది వేసినపుడు దానిని కాంక్రీటుతో గాక రాతికట్టుతో నిర్మింప నిశ్చయించిరి. విదేశముల నుండి యంత్రములు తెచ్చుటకు డబ్బు చాలదు. దేశమున మనుష్యులకు పనియు చాలదు. యంత్రమును కొనగలిగినను కొనకుండుట కూడ ఒక ఆర్థిక విధానమే. వేలాది కూలీలు సారువలపై రాళ్లు మోయగా 124 మీటర్ల ఎత్తున ఆ కట్ట లేచినది.

ఆ తరువాత త్రవ్వు యంత్రములు వచ్చినవి. పల్లెలలో వీనిని జేసీబీ, ప్రొక్లెయినర్ అని తయారీదారుల పేర్లతోనే పిలుతురు. ఒక గుంపు పలుదినములు చేయు మట్టిపనిని అవి ఒక్క దినమున ముగించును. నాగర్‌కర్నూలు జిల్లాలో కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలును, 2015లో ఆరంభమైన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల జలాశయములును యంత్రములు త్రవ్వినవే. కొల్లాపురము చేరువ నార్లాపూరు వద్ద ఒక్కొక్క పంపు సామర్థ్యము 145 మెగావాట్లు. 2023 సెప్టెంబరులో మొదటి పంపును నడిపిరి. దేశమునకంతకు కాలువలు త్రవ్వినవారి ఊళ్లకు నీరు తెచ్చు కాలువ వారి చేతులతో త్రవ్వబడలేదు. తట్టమోత పోయినందుకు విలపించువారు అరుదనుట కూడ సత్యమే. బయానా అప్పు, ఎండ, పసిబిడ్డలను గట్టున పండబెట్టి మోసిన మట్టి, వీనిని ఎవరును తిరిగి కోరరు. కాని మట్టిపని పోయినవారు యంత్రము నడుపువారు కాలేదు. వారు హైదరాబాదు, బొంబాయి, పూనా నగరములలో ఇండ్లు కట్టు కూలీలైరి. యంత్రము నడుపుటకు లైసెన్సును, దానిని కొనుటకు బ్యాంకు అప్పును వేరొక జనమునకు దొరకెను. మట్టిపనిలో పైకెక్కు మెట్టు మొదటనే లేదు. పారతో నలువది యేండ్లు త్రవ్వినవాడును పారతోనే ఆగెను.

యంత్రము శ్రామికునికే చేరినచో ఫలితము వేరుగ నుండుననుటకు తెలంగాణముననే ఒక దృష్టాంతము కలదు. ఆలేరు సమీపమందలి శారాజీపేట నివాసి చింతకింది మల్లేశం తల్లి ఆసు పోయుచుండెడిది. పోచంపల్లి తరహా చీర ఒక్కదానికి మేకుల చుట్టు దారమును సుమారు 9,000 సార్లు చేతితో త్రిప్పవలెను. భుజము పడిపోవుచున్న తల్లి కష్టము చూచి అతడు యేండ్ల తరబడి శ్రమపడి 1999లో ఆసు యంత్రమును పూర్తిచేసెను. అయిదారు గంటల పని గంటన్నరకు దిగినది. యంత్రము నేతగాని ఇంటిలోనే యుండుటచే మిగిలిన గంటలు ఆ ఇంటివియే యైనవి. 2017లో ప్రభుత్వము అతనికి పద్మశ్రీ నొసగినది.

వనపర్తి కథ బుద్ధిపనిది. వనపర్తి సంస్థానపు రాజభవనమున 1959లో కె.డి.ఆర్. పాలిటెక్నిక్ నెలకొన్నది. దర్బారు సాగిన గోడల నడుమ రైతుబిడ్డలు టీ-స్కేలు పట్టి గీతలు గీయనేర్చిరి. ఆ కాలపు ఇంజనీరింగు కార్యాలయములో ఒక నిచ్చెన యుండెను. మొదట ట్రేసరు, అనగా ఇతరులు గీసిన పటముపై పలుచని కాగితము పరచి సిరాతో తిరిగి గీయువాడు. తరువాత డ్రాఫ్ట్స్‌మను. ఆపై డిజైను చేయు ఇంజనీరు. ట్రేసరు పని విసుగు పుట్టించునదే. కాని వంతెన పటమును నూరుసార్లు తిరిగి గీసినవానికి, ఇనుపకడ్డీ ఎచ్చట వంగవలెనో చేతికే తెలిసిపోయెడిది. 1982లో అమెరికాలో వెలువడిన ఆటోకాడ్ వంటి సాధనములు వ్యాపించిన పిదప ట్రేసరు పదవి క్రమముగ మాయమైనది. తాలూకా కేంద్రములలో టైపు మిషనుల వరుసలు, అచ్చు కార్యాలయములలో సీసపు అక్షరములను పేర్చు కంపోజిటర్లు అట్లే కనుమరుగైరి.

దీనిని ఎవరును ఊరక చూడలేదు. 1960ల చివర కలకత్తాలో జీవితబీమా ఉద్యోగులు కంప్యూటరును కార్యాలయములోనికి రానీయమని తీవ్రముగ ఆందోళన చేసిరి. బ్యాంకులలో 1983లో ఉద్యోగ సంఘములకును యాజమాన్యములకును యంత్రీకరణపై ఒడంబడిక కుదిరినది. మరుసటి యేడు రంగరాజన్ సంఘము నివేదిక నిచ్చెను. ఆ ఆందోళనలను ప్రగతినిరోధకములని తరువాతివారు ఎగతాళి చేసిరి. అయినను యంత్రము మెల్లమెల్లగ ప్రవేశించుటకు అవే కారణము. ఒక తరము గుమాస్తాలు ఉద్యోగములోనుండియే క్రొత్త పని నేర్చుటకు వ్యవధి దొరకినది. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ తెరచిన పిదప, ఏ కంప్యూటరును చూచి భయపడిరో ఆ కంప్యూటరే పాలమూరు పల్లెల బిడ్డలకు నెలజీతము నిచ్చునదైనది.

ఇక కృత్రిమ మేధ. ఆ పేరును జాన్ మెకార్తీ మున్నగువారు 1955లో వ్రాసిన ప్రతిపాదనలో పెట్టిరి. మెకార్తీ వద్ద 1966లో డాక్టరేటు పొందిన దబ్బల రాజగోపాల రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించినవాడు. రాజ్ రెడ్డి పేర ప్రఖ్యాతుడైన ఆయన యంత్రము మనిషిమాటను గ్రహించునట్లు చేయుటలో అగ్రగామి. 1994లో ట్యూరింగ్ బహుమానమును మరియొకరితో పంచుకొనెను. ఆ తొలిదినములలో నియమములను మనిషియే వ్రాసి యంత్రమునకిచ్చెడివాడు.

నేటి పద్ధతి వేరు. జాకార్డు అట్టపై ఏ గడిలో రంధ్రముండవలెనో మనిషి నిర్ణయించి పొడుచును. అట్లుగాక యంత్రమునకు లక్షలకొలది చీరలను చూపి, ‘వీనివంటిది నేయుటకు రంధ్రములెచ్చట నుండవలెనో నీవే కనుగొనుము’ అన్నట్లయినచో అది నేటి కృత్రిమ మేధకు దగ్గరగ నుండును. రంధ్రములకు బదులు సంఖ్యలుండును. అసంపూర్ణ వాక్యమునిచ్చి తరువాతి మాట ఊహింపజేసి, తప్పినపుడెల్ల ఆ సంఖ్యలను ఇసుమంత సవరించుచు పోవుదురు. 2020లో వెలువడిన ఒక భాషాయంత్రమున ఇట్టి సంఖ్యలు 17,500 కోట్లు. జాకార్డు ముఖచిత్రమునకు 24,000 అట్టలని యిదివరకే చెప్పబడినది. 2012లో చిత్రములను గుర్తించుటలోను, 2017లో ట్రాన్స్‌ఫార్మరను నిర్మాణముతో భాషలోను పెద్ద ముందడుగులు పడినవి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలకందినది. నాటినుండి ఉత్తరము వ్రాయుట, లెక్క సరిచూచుట, ప్రోగ్రాము కూర్చుట వంటి పనులు మాటతో అడిగినంతనే జరుగుచున్నవి.

ప్రపంచమందలి ఉద్యోగములలో నూటికి 40 వంతులు, ధనికదేశములలో 60 వంతులు, కృత్రిమ మేధ ప్రభావమునకు లోనగునని అంతర్జాతీయ ద్రవ్యనిధి 2024 జనవరిలో అంచనా వేసినది. లోనగుట యన్నచో పోవుట యని అర్థము కాదు. సగమువరకు లాభింపవచ్చుననియు అదే చెప్పినది. ఇంతకంటె ఉపయోగకరమైనవి రెండు అమెరికా పరిశోధనలు. రెండింటను ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ పాలుగొనెను. మొదటిదానిలో ఖాతాదారుల సందేహములు తీర్చు అయిదువేలకు పైబడిన ఉద్యోగులకు కృత్రిమ మేధ తోడిచ్చి చూడగా, పని సగటున నూటికి 14, 15 వంతులు పెరిగెను. క్రొత్తగ చేరినవారి పని ఏకముగ మూడవవంతు హెచ్చినది; ఆరితేరినవారికి మేలు స్వల్పము. దీనినిబట్టి క్రొత్తవారికే ఇది వరమనిపించును. 2025 ఆగస్టున వెలువడిన రెండవ పరిశోధన వేరొక సంగతి బయటపెట్టినది. కృత్రిమ మేధ బాగుగ చేయగల వృత్తులలో 22 నుండి 25 యేండ్ల వయస్సువారి ఉద్యోగములు, ఇతరములతో పోల్చగా, నూటికి 13 వంతులు తగ్గినవి. అవే వృత్తులలో పెద్దవారికి తగ్గలేదు.

రెండును కలిపి చదివినపుడే విషయము స్పష్టమగును. క్రొత్తవాని చేతిలోని పనిముట్టు అతనిని నేర్పరివలె పని చేయించుచున్నది. కాని ఆ పనిముట్టే యుండగా క్రొత్తవాడేలయని యజమాని తలచుచున్నాడు. మన దేశమున మిక్కిలి పెద్దదైన సాఫ్ట్‌వేరు సంస్థ 2025 జూలైలో 12 వేలమందికి పైగా ఉద్యోగులను తగ్గింతునని ప్రకటించెను. సంస్థ దీనికి కృత్రిమ మేధ కారణమనలేదు, నైపుణ్యములు పొసగకుండుటయే కారణమన్నది. అచ్చట తగ్గినవారు ఎక్కువగా నడిమి, పై మెట్లవారే గనుక ఈ ఒక్క ఉదాహరణనుండి తొందరపడి సిద్ధాంతము చేయరాదు. అయినను వనపర్తినుండియో కల్వకుర్తినుండియో హైదరాబాదు చేరు పట్టభద్రునికి మొదటి రెండేండ్లు అప్పగించు పనులేవి? ఇతరులు వ్రాసిన ప్రోగ్రాములో తప్పులు వెదకుట, చిన్నచిన్న భాగములు కూర్చుట, పరీక్షించుట. ఇది ట్రేసరు పనియే, మగ్గము ప్రక్కన నాడె అందించు పనియే. యంత్రమిపుడు కూర్చుండుచున్నది ఆ చోటనే.

ఇందు మరియొక విపర్యయము గలదు. అదే నడిగడ్డలో సీడుపత్తి పండింతురు. 1970లో గుజరాతునందు సి.టి. పటేలు ప్రపంచమున మొదటి సంకరజాతి పత్తిని విడుదల చేసినది మొదలు ఆ విత్తనమును చేతితోనే పుట్టింపవలసి వచ్చినది. మరునాడు విచ్చు మొగ్గను సాయంకాలము గిల్లి, అండాశయమునకు దెబ్బ తగులకుండ కేసరములను తీసివేయవలెను. ఉదయమున మగపువ్వును తెచ్చి దాని పుప్పొడి నద్దవలెను. ప్రతి పువ్వునకు ఒక మనిషి వ్రేళ్లు, రెండు మారులు. ఈ పనికి చిన్నపిల్లలను పెట్టిన కాలము జిల్లాకు మచ్చ. ఇప్పటికిని ఆ వ్రేళ్లకు బదులు యంత్రము పొలములోనికి రాలేదు. చదరంగము యంత్రమునకు సులభము, ఏడాది బిడ్డ కదలికలు దుర్లభమని హాన్స్ మోరావెక్ 1988లో వ్రాసినది పత్తిచేనులో నిజమగుచున్నది. పట్నమున కొడుకు వ్రాయు ప్రోగ్రామును యంత్రము వ్రాయుచున్నది. చేనిలో తల్లి గిల్లు మొగ్గను గిల్లలేకున్నది. అయినను కూలి ఎవరికెక్కువ? పని కష్టమునుబట్టి గాని, యంత్రమునకు అసాధ్యమగుటనుబట్టి గాని కూలి నిర్ణయము కాలేదు. ఆ పనికి ఎందరు గత్యంతరము లేక వచ్చుచున్నారో దానినిబట్టియే నిర్ణయమగుచున్నది.

గద్వాల మగ్గము వద్దకును కృత్రిమ మేధ చేరుచున్నది. చదరముల కాగితముపై ఒక్కొక్క గడి నింపి అంచు బొమ్మ గీయుటకు దినములు పట్టెడిది. ఆ తరువాత అట్టలు పొడువవలెను. కంప్యూటరు వచ్చి గడులు నింపుట త్వరపడినది. అట్టలే అక్కరలేని ఎలక్ట్రానిక్ జాకార్డులును వచ్చినవి. ఇపుడు ‘కోటకొమ్మ అంచు, నడుమ హంసలు’ అని అడిగినచో యంత్రము పది బొమ్మలు క్షణములో ఇచ్చును. వానిలో చాలవరకు నేయరావు. ఎన్ని కొక్కెములున్నవో, అంచునకెన్ని పడుగు పోగులున్నవో, కుప్పడము వద్ద పేక ఎచ్చట మళ్లునో ఆ బొమ్మకు తెలియదు. నేయవచ్చునో లేదో చెప్పువాడు నేతగాడే. అతనికి అది ఎట్లు తెలిసినదో ఈ వ్యాసారంభముననే చెప్పబడినది.

ప్రతి సంవత్సరము తిరుమల బ్రహ్మోత్సవములకు గద్వాల సంస్థానము పక్షమున ఏరువాడ జోడు పంచెలను సమర్పించుట ఆచారము. నేతగాండ్రు మండలకాలము నియమముతో వానిని నేయుదురు. ఆ పంచెల వెడల్పు సామాన్య వస్త్రమునకంటె చాల హెచ్చు. మగ్గము ఒక కొననుండి రెండవ కొనకు ఒక్కని చేయి చాచినను అందదు. అందుచే దానిపై ఒకరికంటె ఎక్కువమంది కూర్చుండి నాడెను ఒకరినుండి ఒకరు అందుకొందురు. మండలము ఆరంభమగు దినమున ఆ రెండవ కొన వద్ద కూర్చుండుటకు నాడె నెరిగిన మరియొక మనిషిని నేటికిని వెదకి పిలుచుకొని రావలసియే యున్నది.